సిస్టర్ ఎవరి పక్షం?

అమ్మకు మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది. రెండో రోజు రాత్రి. మీరు మంచం పక్కనున్న ఇరుకు బల్ల మీద ముడుచుకుని పడుకున్నారు. రెండు గంటలు దాటాక సిస్టర్ వచ్చి బీపీ చూశారు. సాయంత్రం 124 ఉన్న పై అంకె 96కు దిగింది. నాడి నిమిషానికి 112 కొట్టుకుంటోంది. 'కాస్త నీరసంగా ఉందమ్మా' అంది అమ్మ. మీకు మెలకువ వచ్చింది గానీ, రోజూ చూసే బీపీయే కదా అని అటు తిరిగి పడుకున్నారు.

సిస్టర్ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశారు. 'ఆపరేషన్ అయిన మనిషి కదా, సెలైన్ వేగం పెంచండి, పొద్దున చూద్దాం' అన్నారాయన. ఆమె పెంచారు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 90. కాలి కట్టు కింద తడి తగిలింది. మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతు మారింది: 'సార్, రక్తం పోతోందని నాకు అనుమానంగా ఉంది. మీరొచ్చి చూడాలి.' పది నిమిషాలైనా ఆయన రాలేదు. ఆమె నైట్ సూపర్‌వైజర్‌ను లేపారు, ఇద్దరూ కలిసి ఆపరేషన్ చేసిన సర్జన్ ఇంటికే ఫోన్ కలిపారు.

ఈ సన్నివేశం ఊహించి రాసిందే. అయినా ఆసుపత్రిలో నాలుగు రాత్రులు గడిపిన ఇల్లు ఏదైనా ఇలాంటిదొకటి గుర్తు చేసుకోగలదు. పొద్దున సర్జన్ వచ్చి 'సమయానికి చూశాం కాబట్టి సరిపోయింది' అంటారు. మనం ఆయనకు దండం పెడతాం. సిస్టర్ అప్పటికే డ్యూటీ దిగి బస్సెక్కి ఉంటారు.

రాత్రి ఆమె చేసిన పనికి నర్సింగ్ పాఠాల్లో పేషెంట్ అడ్వకసీ అని పేరు. రోగి తరఫున వకాల్తా పుచ్చుకోవడం అన్నమాట. రోగి చెప్పుకోలేనిది, చెప్పినా ఎవరూ పట్టించుకోనిది, వినాల్సినవారి చెవిన పడేదాకా వదలకుండా ఉండటం. ఆమె మంచి మనసును బట్టి చేసినా చేయకపోయినా ఫరవాలేదనుకునే పని కాదిది, ఆమె వృత్తి ధర్మం. ఈ సంగతి తెలిసిన కుటుంబానికి ఆసుపత్రిలో మరో గొంతు తోడవుతుంది. తెలియనప్పుడు ఆ గొంతును చాలాసార్లు మనమే నొక్కేస్తాం.

డాక్టర్ మనిషా, మన మనిషా?

సిస్టర్ అంటే డాక్టర్ చెప్పింది చేసే సహాయకురాలని మనలో చాలామంది అనుకుంటారు. కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్తే ఆలోచన ఇంకో పక్కకు మళ్లుతుంది: రోజుకింత గది అద్దె కడుతున్నాం, ఆమె మన మాట వినాలి. రెండూ పొరపాటే.

మొదటి పొరపాటులో మన తప్పు అంత లేదు. ఆ వృత్తి కూడా ఒకప్పుడు తన గురించి అలాగే అనుకుంది. నర్సింగ్ కళాశాలల్లో దీపాలు పట్టుకుని పిల్లలు చేసే ప్రమాణం ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీదే ఉంది గానీ ఆవిడ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ పాఠశాల కోసం లిస్ట్రా గ్రెటర్, ఆమె తోటివారు కూర్చిన ప్రమాణమది. డాక్టర్ పనికి విధేయంగా తోడ్పడతానన్న మాట అందులో ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తెచ్చిన తొలి నీతి నియమావళిలోనూ డాక్టర్ ఆదేశాలను విధేయతతో అమలు చేయడం నర్సు బాధ్యతే. ఇరవై ఏళ్ల తర్వాత, 1973లో నియమావళిని తిరగరాసినప్పుడు నర్సు మొదటి బాధ్యత ఎవరికి సేవ అవసరమో వారి పట్లే అని తేల్చారు. ఇప్పటికీ అదే పునాది. మన దేశంలోనూ భారత నర్సింగ్ మండలి నర్సులకు నీతి నియమావళి రూపొందించింది. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని తెచ్చింది.

అంటే మీ అమ్మగారి మంచం దగ్గర నిలబడ్డ సిస్టర్ డాక్టర్‌గారి మనిషీ కాదు, బిల్లు కట్టే మీ మనిషీ కాదు. మంచం మీదున్న మీ అమ్మగారి మనిషి. దాదాపు అన్నివేళలా ఈ ముగ్గురి దారీ ఒకటే కాబట్టి తేడా కనపడదు. దారులు విడిపోయినప్పుడే ఆమె ఎటు నిలబడుతుందన్న ప్రశ్న వస్తుంది.

పేరెన్నిసార్లు అడుగుతారు?

'నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాం, ఇంకా పేరు తెలీదా సిస్టర్?' వార్డులో రోజుకు పదిసార్లు వినపడే విసుగు ఇది. మందు ఇచ్చే ప్రతిసారీ ఆమె రోగి చేతనే పేరు చెప్పించి, చేతికున్న బ్యాండ్‌తో సరిచూడాలి. మన ఊళ్లలో ఒకే వార్డులో ఇద్దరు వెంకటలక్ష్ములు, ముగ్గురు సత్యనారాయణలు ఉండటం ఏమంత వింత? 'వెంకటలక్ష్మిగారేనా?' అని అడిగితే మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటారు. అందుకే 'మీ పేరేంటమ్మా?' అని అడగడం పద్ధతి. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, ఇవ్వాల్సిన దారి, ఇవ్వాల్సిన వేళ. ఈ అయిదూ ప్రతిసారీ చూసుకోవాలని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. రక్తం ఎక్కించేటప్పుడైతే సంచి మీది నంబరు, గ్రూపు, రోగి వివరాలను ఇద్దరు కలిసి చూస్తారు. మొదటి పావుగంట దగ్గరుండి కనిపెడతారు. పడకపోతే ఆ లక్షణాలు తరచూ మొదట్లోనే బయటపడతాయి కాబట్టి.

డాక్టర్ రాశారు, నేను ఇచ్చేశాను అంటే ఆమె బాధ్యత తీరదు. పెన్సిలిన్ పడదని ఫైలు మీద ఎర్రసిరాతో రాసి ఉన్నా, హడావుడి రౌండ్స్‌లో అదే కుటుంబానికి చెందిన మందు రాసి వెళ్లిపోవడం జరగని పని కాదు. గాఢ పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఇలాంటి చోట్ల ఆగి, ఫోన్ చేసి, 'ఇది సరేనా సార్?' అని అడగడం ఆమె విధి. అనుమానం తీరకపోతే ఇవ్వనని చెప్పే బాధ్యత కూడా ఉంది.

అలా ఆగినప్పుడు మనమేం చేస్తాం? 'డాక్టర్ రాసింది ఇవ్వడానికి మీకేం నొప్పి? ఎనిమిదింటి మందు తొమ్మిదైనా ఇవ్వలేదు' అని గొడవ పెట్టుకుంటాం. ఆలస్యానికి కారణం అడగడంలో తప్పు లేదు, అడగాలి కూడా. సమాధానం 'డాక్టర్‌ను కనుక్కుంటున్నాను' అని వస్తే మాత్రం ఆ అరగంట మీకోసం ఖర్చవుతోందని అనుకోండి.

ఇంట్లోనే చేసుకోగల పని ఒకటుంది. పడని మందులు, రోజూ వాడే బీపీ, షుగర్, రక్తం పలుచన చేసే మాత్రలు, పాత ఆపరేషన్లు ఒక కాగితం మీద రాసుకోండి. అడ్మిషన్ రోజునే సిస్టర్ చేతికివ్వండి. ఆయుర్వేదం, హోమియో, పక్కింటావిడ చెప్పిన కషాయం కూడా రాయండి, సిగ్గుపడక్కర్లేదు. ఫోన్‌లో ఫొటోలుగా ఉన్న పాత చీటీలను అర్ధరాత్రి వెతకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

ట్రే తెచ్చింది, ఎవరూ చూడలేదు

గొంతు వినపడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచమంతా వైద్య విద్యార్థులకు చూపించే ఉదంతం ఒకటుంది. 2005లో ఇంగ్లండ్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆరోగ్యవంతురాలు సైనస్ ఆపరేషన్ కోసం చేరారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. మత్తు ఇచ్చాక శ్వాస గొట్టం గొంతులోకి దిగలేదు. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది. గదిలో ఉన్నవాళ్లందరూ అనుభవజ్ఞులైన వైద్యులే. మళ్లీ మళ్లీ గొట్టం వేయడానికే ప్రయత్నించారు. అలాంటప్పుడు గొంతు దగ్గర చిన్న కోత పెట్టి గాలికి దారి చేయాలన్నది వారికి తెలియంది కాదు. ఒత్తిడిలో ఒకే పనికి కళ్లు అతుక్కుపోయాయి, కాలం ఎంత గడిచిందో తెలియలేదు.

నర్సులకు మాత్రం ఏం జరుగుతోందో అర్థమైంది. ఒకరు గొంతుకోతకు కావాల్సిన పరికరాల ట్రే తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పారు. ఇంకొకరు ఐసీయూలో మంచం సిద్ధం చేయించారు. అంత అవసరమా అన్నట్టు వైద్యులు చూసేసరికి దాన్ని రద్దు చేశారు. ఎలైన్ స్పృహలోకి రాలేదు, 13 రోజుల తర్వాత చనిపోయారు.

భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. కాక్‌పిట్‌లో కో పైలట్ ఎప్పుడు, ఎలా అభ్యంతరం చెప్పాలో శిక్షణ ఇచ్చే వృత్తి ఆయనది. ఎవరినో జైలుకు పంపాలని ఆయన పట్టుబట్టలేదు. తెలిసినవాళ్ల మాట గదిలో ఎందుకు పైకి రాలేదు, దాన్నెలా సరిచేయాలి అని అడిగారు. 2007లో వైద్యులు, నర్సులు, విమానయాన నిపుణులను కలిపి ఇదే పని మీద ఒక బృందాన్ని ఏర్పాటు చేశారు.

ఆ నర్సులు ఏం చేసి ఉండాల్సిందని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. ట్రే తేవడంతోనే వారు సగం దూరం వచ్చారు. మిగతా సగం అవతలివారు నడవాలి.

ఆ సగాన్ని దాటించడానికే ఇప్పుడు నర్సులకు మాట్లాడే పద్ధతిని నేర్పుతున్నారు. ఫోన్‌లో 'సార్, పేషెంట్ డల్‌గా ఉన్నారు' అంటే నిద్రలో ఉన్న డాక్టర్‌కు ఏమీ తెలియదు. ఇప్పుడేం జరుగుతోంది, రోగి నేపథ్యమేంటి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఈ నాలుగూ వరసగా చెప్పాలి. మొదట్లో చెప్పిన సిస్టర్ రెండోసారి చేసిన ఫోన్‌ను మళ్లీ చూడండి. ఆమె అనుమానం ఏమిటో చెప్పారు, డాక్టర్ చేయాల్సిందేంటో అడిగారు.

ఈ పద్ధతి మీకూ పనికొస్తుంది. 'మా నాన్న ఏదోలా ఉన్నారు సిస్టర్' అనడం కంటే 'పొద్దున పేపరు చదివారు, మధ్యాహ్నం నుంచి మనవడి పేరు తప్పు చెబుతున్నారు, ఆరింటి నుంచి మూత్రం రాలేదు' అంటే ఆమె చేతికి ఆధారం ఇచ్చినట్టు. అంకెలు ఆమెకు తెలుస్తాయి, ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో మీకు తెలుస్తుంది. ఈ రెండూ కలవాలి.

ఇంగ్లండ్‌లోనే 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల పాప సైకిల్ మీంచి పడి, క్లోమానికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరింది. ఇన్‌ఫెక్షన్ ఒంటికంతా పాకింది. తల్లిదండ్రులు ఆందోళన చెప్పుకుంటూనే ఉన్నారు, ఐసీయూకు మార్చడం ఆలస్యమైంది, పాప దక్కలేదు. ముందే మార్చి ఉంటే బతికే అవకాశమే ఎక్కువని విచారణలో తేలింది. ఆ తల్లిదండ్రుల పోరాటం వల్ల 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో 'మార్తా నియమం' అమలు మొదలైంది. రోగి పరిస్థితి దిగజారుతోందనిపిస్తే కుటుంబమే నేరుగా వేరే బృందాన్ని పిలిపించి చూడమనవచ్చు. మన దగ్గర పెద్ద ఆసుపత్రులు కొన్నింటిలో అత్యవసరంగా వచ్చి చూసే ప్రత్యేక బృందాలున్నాయి. అడ్మిషన్ రోజున గది కిరాయి, క్యాంటీన్ వేళలతోపాటు ఇదీ అడగండి: 'రాత్రిపూట పరిస్థితి మారితే ఎవరు వస్తారు? డ్యూటీ డాక్టర్ రాకపోతే ఆ పైన ఎవరిని పిలవాలి?'

'నాన్నకు చెప్పొద్దు సిస్టర్'

ఇప్పుడు మనకు ఇబ్బంది కలిగించే విషయానికి వద్దాం. సిస్టర్ రోగి పక్షాన ఉండటం కుటుంబానికి నచ్చని సందర్భాలుంటాయి.

నాన్నగారి బయాప్సీ రిపోర్టు వచ్చింది. పెద్దన్నయ్య, బావగారు వరండాలో మాట్లాడుకుని, నాన్నకు 'పుండు' అని మాత్రమే చెప్పాలని తీర్మానించారు. సిస్టర్‌కూ ఆ మాటే చెప్పారు. పెద్దాయన రాత్రి పూట సెలైన్ మార్చడానికొచ్చిన ఆమెనే అడుగుతారు: 'అమ్మా, నాకొచ్చింది క్యాన్సరేనా? మా వాళ్లు చెప్పరు.' ఆయన ఆమెనే అడగడానికి కారణముంది. కొడుకును అడిగితే ఏడుస్తాడు, డాక్టర్‌ను అడిగే సందు దొరకదు.

అలాంటప్పుడు ఆమె ఏం చేయాలి? రోగ నిర్ధారణను మొదటగా చెప్పాల్సింది డాక్టర్ కాబట్టి ఆమె రిపోర్టు చదివి వినిపించరు. 'కాదు తాతగారూ, పుండే' అని అబద్ధమూ ఆడకూడదు. 'మీరేం అనుకుంటున్నారు? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?' అని అడిగి, ఆయన ప్రశ్నను పొద్దున డాక్టర్ ముందు పెట్టడం సరైన దారి. మనకది ద్రోహంలా అనిపిస్తుంది. మీ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ పొలం ఎవరి పేర రాయాలో, విదేశంలోని కూతురిని ఎప్పుడు రమ్మనాలో, కీమో చేయించుకోవాలో వద్దో ఆ మనిషే తేల్చుకోవాలి. తెలుసుకోవాలని లేదని ఆయనే అంటే అదీ ఆయన హక్కే. నిర్ణయం వరండాలో జరిగిపోవడమే చిక్కు.

సంతకం సంగతీ అంతే. మన ఇళ్లలో ఆపరేషన్ కాగితాల మీద భర్తో కొడుకో సంతకం పెట్టడం ఆనవాయితీ. సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది గుర్తుంచుకోవాలి. 44 ఏళ్ల మహిళ అధిక రక్తస్రావంతో వెళ్లి, కడుపులోకి గొట్టంతో చూసే పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, వయసొచ్చి తెలివిలో ఉన్న మనిషి తరఫున తల్లి అయినా సమ్మతి ఇవ్వలేదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని కోర్టు తేల్చింది.

సమ్మతి పత్రం మీద చాలాచోట్ల సాక్షి సంతకం సిస్టర్‌దే. థియేటర్‌కు తీసుకెళ్తున్నప్పుడు రోగి 'ఇంతకీ నాకేం తీసేస్తారమ్మా?' అని అడిగితే ఆ సంతకానికి అర్థం లేనట్టే. అప్పుడు స్ట్రెచర్ ఆపి డాక్టర్‌ను పిలవడం ఆమె బాధ్యత. అలా ఆపినందుకు మనం 'ముహూర్తం దాటిపోతోంది' అని అరవకుండా ఉంటే చాలు. (ఆపరేషన్లకు ముహూర్తాలు పెట్టించే ఇళ్లు మనలో తక్కువేం లేవు కదా.)

గుట్టు విషయంలోనూ మనం ఆమెను ఇరుకున పెడతాం. 'పక్క బెడ్డు అమ్మాయికి ఏంటట సిస్టర్?' అని అడుగుతాం. సమాధానం చెప్పకపోతే పొగరంటాం. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పెద్దాయన ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టబోతే ఆమె ఫోన్ లోపల పెట్టమంటుంది, మనకు కోపం. ఆ ఫొటోలో తన ఒంటి మీద గుడ్డ సరిగ్గా ఉందో లేదో ఆయన చూసుకోలేరు. హెచ్ఐవీ ఉందన్న సంగతి ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం, చట్టమే చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, రెండో అభిప్రాయం, ధరల పట్టిక, మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు మహిళా రోగి పక్కన మరో మహిళ ఉండటం, బిల్లు పేరుతో రోగిని గానీ మృతదేహాన్ని గానీ ఆపకుండా ఉండటం అన్నీ ఉన్నాయి. మొత్తం 17 హక్కులు.

అరుణ మంచం చుట్టూ

నర్సులే రోగి పక్షాన నిలబడ్డారు సరే, రోగి కోరిక ఏమిటో తెలియకపోతే? మన దేశంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరు 27న అక్కడి వార్డుబాయ్ అత్యాచారానికి పాల్పడి, గొలుసుతో గొంతు బిగించాడు. మెదడుకు రక్తం అందక ఆమె జీవచ్ఛవమయ్యారు. ఆ తర్వాత 42 ఏళ్లు, 2015 మే 18న చనిపోయేదాకా, అదే ఆసుపత్రిలో నర్సులు ఆమెను చూసుకున్నారు. అరుణను ఎన్నడూ చూడని, తర్వాతి తరం నర్సులు కూడా. మంచం పట్టిన మనిషిని రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లను చూసుకున్నవారికి ఆ కష్టం తెలుసు. అన్నేళ్లు మంచం మీదే ఉన్నా అరుణకు పుండ్లు పడకుండా చూసుకోవడాన్ని అందరూ గుర్తించారు.

ఆమెకు ఆహారం ఆపి ప్రశాంతంగా వెళ్లనివ్వాలని పింకీ విరానీ అనే రచయిత్రి సుప్రీంకోర్టును కోరారు. నర్సులు ససేమిరా అన్నారు. 2011 మార్చి 7న ఇచ్చిన తీర్పులో, అరుణ తరఫున మాట్లాడే ఆప్తులు ఇన్నేళ్లు చూసుకున్న కేఈఎం సిబ్బందే అని కోర్టు చెప్పింది. అదే తీర్పు, కోలుకునే ఆశ లేనివారికి ప్రాణాధార చికిత్స నిలిపివేయడానికి హైకోర్టు పర్యవేక్షణలో దారి తెరిచింది.

ఆ నర్సులు చేసిందే ఒప్పని చాలామంది అంటారు. వారి సేవ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. నాకున్న సందేహం వేరు: అరుణ ఏం కోరుకునేవారో వారికీ తెలియదు, విరానీకీ తెలియదు. ప్రేమ ఎంత ఉన్నా ఆ ఖాళీని పూరించలేదు.

మీ విషయంలో ఆ ఖాళీ మిగలకుండా చూసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని దశలో తనకు ఎలాంటి చికిత్స వద్దో ముందుగా రాసి పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ చేయిస్తే చాలు. తన తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు అందులో రాయాలి. ఒక కాపీ ఇంట్లో ఉంచి, ఇంకోటి ఫ్యామిలీ డాక్టర్‌కు ఇవ్వండి. ఆసుపత్రిలో చేరితే ఫైల్లో పెట్టమని సిస్టర్‌కు చెప్పండి. అశుభమంటారు పెద్దలు. వీలునామా రాసేటప్పుడూ అలాగే అన్నారు.

నోరు ఎందుకు పెగలదు?

ఇంతా చదివాక 'మేం చూసిన సిస్టర్లు ఇలా లేరే' అని మీకు అనిపించవచ్చు. నిజమే, అందరూ ఇలా ఉండరు. పిలిస్తే పలకనివారు, విసుక్కునేవారు ఉంటారు. కాన్పు గదుల దగ్గర మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని చేయి చాపే దురాచారం గురించి తెలియని ఇల్లు తక్కువ. దానికి వృత్తి ధర్మంలో ఎక్కడా చోటు లేదు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, అక్కడ తేలకపోతే రాష్ట్ర నర్సింగ్ మండలికి. అడగకుండానే మనం చేతిలో పెట్టే అయిదొందలూ ఆ అలవాటును పెంచేదే.

మిగతావారి సంగతికొస్తే, సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలన్న ప్రమాణాలు మన దేశంలో చాలాకాలంగా కాగితం మీద ఉన్నాయి. ఈసారి వార్డుకు వెళ్లినప్పుడు రాత్రి షిఫ్టులో ఎందరు మంచాలకు ఎందరున్నారో లెక్కపెట్టి చూడండి. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో ఆదేశించాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు రూ.20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఆ సిఫార్సు చాలా నర్సింగ్ హోమ్‌ల గుమ్మం ఎక్కలేదు. కాంట్రాక్టు మీద చేరి, ఇంటికి డబ్బు పంపాల్సిన ఇరవై మూడేళ్ల అమ్మాయి, రాత్రి రెండింటికి పెద్ద డాక్టర్‌ను నిద్ర లేపాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఆ అమ్మాయి లేపినందుకు పొద్దున ఎవరైనా తిడితే, మీరు అక్కడే ఉండి 'మా అమ్మ ఆమె వల్లే నిలబడింది సార్' అనగలరా?

పొరపాట్ల విషయం కూడా ఉంది. మోతాదు తప్పిచ్చిన నర్సు, ఎవరూ చూడకపోయినా వెంటనే చెప్పాలన్నదే వృత్తి నీతి. రోగిని కాపాడే వ్యవధి ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంటుంది. 'సార్, నేను తప్పు చేశాను' అని ఒకామె వచ్చి చెప్పినప్పుడు బంధువులు పదిమంది పోగై కొట్టడానికి వెళ్తే, తర్వాతి నర్సు చెప్పకుండా దాచుకోవడం నేర్చుకుంటుంది. జవాబుదారీ అడగండి, రాతపూర్వకంగా అడగండి, అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చేయి మాత్రం ఎత్తకండి.

షిఫ్టు మారేటప్పుడు పాత సిస్టర్ కొత్త సిస్టర్‌కు రోగి వివరాలు అప్పజెబుతారు. చాలాచోట్ల పొద్దున ఏడెనిమిది మధ్య, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో, రాత్రి ఎనిమిది తర్వాత. ఆ అయిదు నిమిషాలు టీకి వెళ్లకుండా మంచం దగ్గరే ఉండండి. ఏదైనా వదిలేస్తే అక్కడే చెప్పండి. సిస్టర్ పేరు అడిగి తెలుసుకోండి. మగ నర్సులైతే బ్రదర్ అంటారు, వారి బాధ్యతా ఇదే.

ఇంటికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి. రోగి లేదా తరఫు వారు అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డుల కాపీ ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నిబంధనలు 2002 నుంచీ చెబుతున్నాయి. కాపీ తీసుకునేటప్పుడు నర్సుల నోట్సు పేజీలు కూడా కావాలని అడగండి. సమ్మరీలో 'ఆపరేషన్ తర్వాత రెండో రోజు రక్తస్రావం, సకాలంలో చికిత్స' అని ఒక్క లైనే ఉంటుంది. నోట్సులో అయితే చేతిరాతతో వరసగా ఉంటుంది: 2.10 బీపీ 96, డాక్టర్‌కు తెలియజేశాను. 2.25 బీపీ 90, కట్టు తడిగా ఉంది, మళ్లీ తెలియజేశాను. 2.35 సూపర్‌వైజర్‌కు చెప్పాను. 2.40 సర్జన్‌తో మాట్లాడాను. కింద ఒక సంతకం.